వాడేసిన అణు ఇంధనం ఏ దారిన పోతుందో రైతుకు చెప్పాలి

2025 డిసెంబరులో పార్లమెంటు 'శాంతి' పేరుతో కొత్త అణుశక్తి చట్టాన్ని ఆమోదించింది. 1962 నాటి అణుశక్తి చట్టం, 2010 నాటి అణు నష్ట పౌర బాధ్యత చట్టం స్థానంలో ఇది వచ్చింది. ఇంతకాలం ప్రభుత్వ సంస్థల చేతిలోనే ఉన్న అణు విద్యుత్ రంగంలోకి ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచింది. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్ సాధించాలన్నది కేంద్రం పెట్టుకున్న లక్ష్యం. ఇప్పుడున్నది తొమ్మిది వేల మెగావాట్లకు కాస్త అటూ ఇటూ. అంటే పదింతలకు పైగా పెరగాలి. ఆ పెంపులో మన రాష్ట్రానికి పెద్ద వాటాయే ఉంది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ తయారుచేసే రియాక్టర్లు ఆరు, ఒక్కొక్కటి 1,208 మెగావాట్లవి, పెట్టాలని ప్రతిపాదన. దానికోసం సుమారు రెండు వేల ఎకరాలు సేకరించారు.

కొవ్వాడ ఎక్కడ, పొన్నూరు ఎక్కడ, మనకెందుకీ గొడవ అని సభ్యులు అడగవచ్చు. రియాక్టరు వరకైతే ఆ మాట నిజమే. కానీ రియాక్టరులో వాడేసిన ఇంధనం ఎప్పటికీ అక్కడే ఉండిపోయేది కాదు. దాన్ని 'పునఃశుద్ధి' చేసి మళ్ళీ వాడుకుంటామన్నది మన దేశం మొదటి నుంచీ అనుసరిస్తున్న విధానం. పునఃశుద్ధి కేంద్రాలు ట్రాంబేలో, తారాపూర్‌లో, కల్పాక్కంలో ఉన్నాయి. కొవ్వాడలో వాడేసిన ఇంధనం నేల మీద దక్షిణాదికి కదిలితే ఉన్న దారులు రెండు. ఒకటి విజయవాడ, తెనాలి, నిడుబ్రోలు, బాపట్ల, చీరాల, ఒంగోలు మీదుగా పోయే రైలు మార్గం. రెండోది 16వ నంబరు జాతీయ రహదారి. ఒకటి మన ఊరి స్టేషన్ గుండా పోతుంది. రెండోది మన మిరప, పత్తి చేల పక్క నుంచి పోతుంది. కాబట్టి ఇది మన విషయం కూడా.

వాడేసిన ఇంధనం అంటే ఏమిటి?

రియాక్టరులో యురేనియం ఇంధనం కొన్నేళ్ళు మండాక దాన్ని బయటకు తీస్తారు. తీసినప్పుడు అది పెట్టినప్పటికంటే లక్షల రెట్లు ప్రమాదకరం. కొత్త ఇంధనాన్ని మనిషి చేత్తో పట్టుకోవచ్చు. హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయంలో 1971 నుంచి కార్మికులు ఆ పని చేస్తూనే ఉన్నారు. వాడేసిన ఇంధనం దగ్గర అడ్డు లేకుండా నిలబడితే మాత్రం నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే దాన్ని ఏళ్ళ తరబడి లోతైన నీటి తొట్టెలో ఉంచి చల్లారనిస్తారు.

చల్లారాక పునఃశుద్ధి. ఇంధనాన్ని ముక్కలు చేసి నత్రికామ్లంలో కరిగిస్తారు. మిగిలిన యురేనియాన్ని, కొత్తగా పుట్టిన ప్లుటోనియాన్ని విడదీస్తారు. కొవ్వాడ తరహా రియాక్టర్లలో వాడేసిన ఇంధనంలో సుమారు 95 శాతం యురేనియం, 1 శాతం ప్లుటోనియం, మిగతా 4 శాతం పనికిరాని వ్యర్థం. ఈ లెక్క చూపించి '96 శాతం మళ్ళీ వాడుకోవచ్చు' అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. మిల్లులో ధాన్యం ఆడితే బియ్యం ఒకవైపు, ఊక ఒకవైపు వచ్చినట్టే ఇదీ. తేడా ఏమిటంటే, ఇక్కడ మిగిలే 4 శాతం ఊకలోనే విషమంతా ఉంటుంది. అందులోని సీజియం, స్ట్రాన్షియం సగానికి తగ్గడానికే దాదాపు 30 ఏళ్ళు పడుతుంది. ఆ వ్యర్థాన్ని గాజుతో కలిపి కరిగించి, ఉక్కు డబ్బాల్లో పోసి దాచాలి. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో మన శాస్త్రవేత్తలు ఆ పని చేస్తున్నారు. ఆ వ్యర్థం నుంచి తీసిన సీజియాన్ని ఆస్పత్రుల్లో రక్తానికి రేడియేషన్ ఇచ్చే యంత్రాలకూ వాడుతున్నారు. వారి పనితనాన్ని మనం తక్కువ చేయడం లేదు. అయితే పునఃశుద్ధితో వ్యర్థం మాయమైపోదు. దాని రూపం మారుతుంది, కొంత పరిమాణం తగ్గుతుంది. శాశ్వతంగా పాతిపెట్టే చోటు మాత్రం మన దేశంలో ఇంకా తయారు కాలేదు.

కొవ్వాడ లెక్క

వెయ్యి మెగావాట్ల రియాక్టరు ఒకటి ఏడాదికి సుమారు 20 నుంచి 25 టన్నుల వాడేసిన ఇంధనాన్ని బయటికి తెస్తుంది. కొవ్వాడలో ఆరూ నడిస్తే అది ఏడాదికి నూరు టన్నులు దాటుతుంది. ఆ రియాక్టర్ల ఆయుష్షు అరవై ఏళ్ళుగా చెబుతున్నారు. అంటే మన మనవల కాలానికి ఆరు వేల టన్నుల పైమాట. 1998లో మొదలైన కల్పాక్కం పునఃశుద్ధి కేంద్రం సామర్థ్యం ఏడాదికి 100 టన్నులు. అదీ మన దేశీ భారజల రియాక్టర్ల ఇంధనం కోసం కట్టినది. కొవ్వాడ ఇంధనం వేరు రకం. పైగా అమెరికా నుంచి వచ్చే ఇంధనాన్ని పునఃశుద్ధి చేయాలంటే అంతర్జాతీయ తనిఖీ కింద ప్రత్యేక కేంద్రాలు కట్టాలని 2010 జులైలో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. ఆ కేంద్రాలు ఎక్కడ వస్తాయి, ఎవరి భూముల్లో వస్తాయి, అవి వచ్చేదాకా ఈ ఇంధనం ఎక్కడుంటుంది? ఈ ప్రశ్నలకు కొవ్వాడలో భూములు ఇచ్చిన రైతులకు, ఇళ్ళు వదులుకుంటున్న మత్స్యకారులకు తెలుగులో రాతపూర్వకంగా జవాబు అందాలి.

ఇలాంటి ప్రశ్నలను వాయిదా వేస్తే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. తారాపూర్‌లో 1969లో మొదలైన రెండు రియాక్టర్లకు అమెరికా ఇంధనం ఇచ్చింది. వాడేసిన దాన్ని అమెరికా వెనక్కి తీసుకోలేదు, మనల్ని పునఃశుద్ధి చేసుకోనివ్వనూ లేదు. 1993లో ఒప్పందం గడువు ముగిసింది. ఇంధనం మాత్రం తారాపూర్‌లోనే ఉండిపోయింది.

తమిళనాడులోని కూడంకుళం కథ కూడా అంతే. 1988లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరినప్పుడు వాడేసిన ఇంధనం తిరిగి వాళ్ళకే పోతుందన్నారు. తర్వాత అది మారింది. 2013 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, రియాక్టరుకు దూరంగా నిల్వ కేంద్రాన్ని అయిదేళ్ళలో కట్టాలని ఆదేశించింది. అయిదేళ్ళు గడిచేసరికి మరికొన్నేళ్ళు గడువు కావాలని అణు విద్యుత్ సంస్థ మళ్ళీ కోర్టు మెట్లెక్కింది. 2019లో ప్రజాభిప్రాయ సేకరణ అనేసరికి చుట్టుపక్కల ఊళ్ళు వ్యతిరేకించాయి. ప్లాంటు నడుస్తున్నాక చెత్త ఎక్కడ పోయాలని ఊరిని అడిగితే ఊరు వేరే ఏమంటుంది?

దారిలో భయం ఎంత?

ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. వాడేసిన ఇంధనాన్ని తీసుకెళ్ళే ఉక్కు పీపాలు మామూలువి కావు. ఒక్కొక్కటి నూరు టన్నుల వరకు బరువుంటుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆ నమూనా తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద పడినా, 800 డిగ్రీల మంటలో అరగంట ఉన్నా, నీటిలో మునిగినా తట్టుకోవాలి. ప్రపంచంలో యాభై ఏళ్ళకు పైగా వేల సార్లు ఇలాంటి రవాణా జరిగింది. పీపా పగిలి, రేడియోధార్మికత బయటపడి జనం చనిపోయిన ఘటన లేదు. మన పక్క నుంచి రోజూ పోయే పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లతో పోలిస్తే ప్రమాదం జరిగే అవకాశం తక్కువే. రైతును ఉత్తినే భయపెట్టడం ఈ పత్రిక పని కాదు.

అయినా నిబంధనలు కాగితం మీద ఉండడం వేరు, అమలు కావడం వేరు. జర్మనీ, ఫ్రాన్సుల మధ్య తిరిగే పీపాల పైభాగం మీద పరిమితికి మించి రేడియోధార్మికత ఉందని 1998లో బయటపడింది. ఆ సంగతి కంపెనీలకు ఏళ్ళుగా తెలుసు, ప్రభుత్వానికి చెప్పలేదు. అప్పటి జర్మనీ పర్యావరణ మంత్రి ఏంజెలా మెర్కెల్ ఆ రవాణాను ఆపేశారు. దాచిన కంపెనీలు పేరున్నవి, దేశం క్రమశిక్షణకు పేరున్నది. అక్కడే అలా జరిగితే ఇక్కడ ఎలా జరుగుతుందో మన అనుభవం మనకు చెబుతుంది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా సజీవ దహనమయ్యారు, కొబ్బరి తోటలు మాడిపోయాయి. పైపు లీకవుతోందని ఊరివాళ్ళు ముందే మొత్తుకున్నారు. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి లీకై 12 మంది పోయారు. చుట్టుపక్కల పండిన కూరగాయలు, పాలు వాడవద్దన్నారు. ఆ పాడి రైతుల, కూరగాయల రైతుల నష్టం ఎవరి ఖాతాలో పడింది?

మన అసలు నష్టం ధరలో

ప్రమాదం జరగకపోయినా, జరిగిందన్న పుకారు చాలు రైతు మునగడానికి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. ఆ జబ్బు ఆనవాలు లేని జిల్లాల్లో కూడా జనం చికెన్ మానేశారు, ధర కూలింది. ఇప్పుడు గుంటూరు మిర్చి సంగతి ఆలోచించండి. మన పంట యార్డులో అమ్ముడయ్యేది, శీతల గిడ్డంగుల్లో నిల్వ ఉండేది, ఓడలెక్కి చైనాకూ బంగ్లాదేశ్‌కూ పోయేది 'గుంటూరు' అన్న ఒక్క పేరు మీదే. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పురుగుమందు అవశేషాలు ఉన్నాయంటేనే సరుకు వెనక్కి వస్తోంది. అలాంటిది 'అణు ఇంధనం రైలు పట్టాలు తప్పింది' అన్న ఒక్క వార్త వస్తే, పీపాకు గీత కూడా పడకపోయినా, మర్నాడు క్వింటాలు ధర ఎక్కడుంటుంది?

జపాన్ రైతులు దీన్ని అనుభవించారు. 2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదం తర్వాత, పరీక్షల్లో ఏ దోషం లేదని తేలిన బియ్యం, పండ్లు, మాంసం కూడా ఫుకుషిమా పేరు చూసి జనం కొనలేదు. 2012 నుంచి ఆ జిల్లాలో పండిన ప్రతి బియ్యం బస్తానూ, ఏటా దాదాపు కోటి బస్తాలను, యంత్రంలో పెట్టి పరీక్షించారు. ఐరోపా దేశాలు ఆంక్షలన్నీ ఎత్తేసేసరికి 2023 అయింది. అయితే జపాన్‌లో ఒక మేలు ఉంది. అక్కడి చట్టంలో అణు కేంద్రం నడిపే కంపెనీ బాధ్యతకు పరిమితి లేదు. పుకారు వల్ల ధర పడిపోయిన నష్టాన్ని కూడా పరిహారంలో చేర్చాలని 2011 ఆగస్టులోనే మార్గదర్శకాలు ఇచ్చారు. రైతు సంఘాలు సభ్యుల లెక్కలన్నీ కూడగట్టి పరిహారం వసూలు చేశాయి.

మన చట్టం ఏం చెప్పింది? 2010 చట్టంలో పెద్ద రియాక్టరు ప్రమాదానికి 1,500 కోట్లు, పునఃశుద్ధి కేంద్రానికి 300 కోట్లు, అణు పదార్థాల రవాణాకు 100 కోట్లు అని నడిపే సంస్థ బాధ్యతకు గీత గీశారు. కొత్త చట్టం కూడా 100 కోట్ల నుంచి 3,000 కోట్ల దాకా మెట్లు కట్టింది. 3,000 కోట్లు అన్నిటికంటే పెద్ద రియాక్టర్లకే. ఎల్‌జీ పాలిమర్స్ కేసులో జాతీయ హరిత ట్రిబ్యునల్ మొదటి అడుగులోనే 50 కోట్లు జమ చేయమంది. అది ఒక్క ఫ్యాక్టరీ, చుట్టూ నాలుగు ఊళ్ళు. మిర్చి సీజనులో గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల రైతుల సరుకంతా ధర పడిపోతే 100 కోట్లు ఏ మూలకు? పైగా పుకారు వల్ల ధర తగ్గడాన్ని నష్టంగా పేరుపెట్టి గుర్తించే మాట 2010 చట్టంలో లేదు.

ఇంకొకటి. పాత చట్టంలో, నాసిరకం పరికరం ఇచ్చిన కంపెనీ నుంచి నష్టపరిహారాన్ని తిరిగి రాబట్టుకునే హక్కు నడిపే సంస్థకు ఉండేది. భోపాల్ నేర్పిన పాఠంతో పార్లమెంటు పట్టుబట్టి పెట్టిన నిబంధన అది. విదేశీ కంపెనీలకు అది నచ్చలేదు. కొత్త చట్టంలో దాన్ని తీసేశారు. నకిలీ విత్తనం తయారుచేసిన కంపెనీని వదిలేసి ఊళ్ళో డీలరును మాత్రమే పట్టుకుంటే ఎలా ఉంటుందో మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక కౌలు రైతు సంగతి. మన ప్రాంతంలో సాగు చేసేవారిలో ఎక్కువ మంది కౌలుదారులే. తుపాను నష్టపరిహారం వచ్చినా, పంటల బీమా వచ్చినా పాసుపుస్తకం ఉన్నవారి ఖాతాకే పోతుందని ఏళ్ళుగా మొత్తుకుంటున్నాం. 2019లో సాగుదారుల హక్కుల చట్టం వచ్చినా, భూయజమాని సంతకం లేనిదే కార్డు రాదు. అణు నష్టానికి కూడా ఇదే పద్ధతి వస్తే, ఎకరాకు లక్షలు పెట్టుబడి పెట్టిన కౌలు రైతు చేతికి ఏమీ రాదు.

రహస్యం పేరుతో నోరు మూయించవద్దు

రవాణా వివరాలు దేశ భద్రతకు సంబంధించినవి, చెప్పడం కుదరదు అంటారు. రైలు ఏ తేదీన, ఏ గంటకు పోతుందో రహస్యంగా ఉంచడాన్ని మనం తప్పుపట్టడం లేదు. దుర్మార్గుల చేతిలో పడకూడదన్నది నిజమే. కానీ ఆ దారి మీద ఉన్న అగ్నిమాపక కేంద్రానికి శిక్షణ ఇచ్చారా? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రేడియేషన్ కొలిచే పరికరం ఉందా? ప్రమాదం జరిగితే తహసీల్దారు ఎవరికి ఫోన్ చేయాలి? ఎన్ని కిలోమీటర్ల మేర పాలు, పంట అమ్మకం ఆపాలి, ఆపిన రోజులకు డబ్బు ఎవరిస్తారు? వీటిలో దేశ రహస్యం ఒక్కటీ లేదు. ఇవి దాచితే శత్రువుకు నష్టం లేదు, మనకే నష్టం.

అడిగితే ఫలితం ఉంటుంది. జర్మనీలో గోర్లెబెన్ అనే పల్లె దగ్గర పెద్ద పునఃశుద్ధి కేంద్రం, వ్యర్థాల పాతర పెట్టాలని అక్కడి ప్రభుత్వం 1977లో నిర్ణయించింది. 1979 మార్చిలో ఆ జిల్లా రైతులు ట్రాక్టర్లు కట్టుకుని రాజధాని హానోవర్‌కు కదిలారు. వారం రోజుల ప్రయాణం ముగిసేసరికి లక్ష మంది తోడయ్యారు. అదే ఏడాది మే నెలలో పునఃశుద్ధి కేంద్రం పెట్టడం కుదరదని రాష్ట్ర ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. తర్వాత 1995 నుంచి 2011 వరకు ఇంధన వ్యర్థాల రైళ్ళు వచ్చిన ప్రతిసారీ రైతులు దారి మీద నిలిచి అడిగారు. చివరికి 2020లో, అక్కడి నేల పాతరకు పనికిరాదని నిపుణుల సంస్థే తేల్చింది. రైతులు నలభై ఏళ్ళ కిందట వేసిన ప్రశ్నే అది. ఇంటి దగ్గర చూస్తే, నాగార్జునసాగర్ జలాశయం పక్కనే లంబాపూర్, పెద్దగట్టులలో యురేనియం తవ్వుతామన్నప్పుడు 2003 ప్రజాభిప్రాయ సేకరణలో జనం గట్టిగా నిలదీశారు. ఆ గని ఇప్పటికీ మొదలుకాలేదు. సాగర్ నీళ్ళు తాగే మన ఆయకట్టు ఆ నిలదీతకు రుణపడి ఉంది.

మనం కరెంటు వద్దనడం లేదు. పగటిపూట తొమ్మిది గంటలు నాణ్యమైన కరెంటు కావాలని పోరాడుతున్నది మనమే. అది బొగ్గుదైనా, ఎండదైనా, అణువుదైనా దాని లాభనష్టాలు తూచి చెప్పే హక్కు రైతుకు ఉంది. అందుకే మన సంఘం ప్రభుత్వాల ముందు ఈ కోర్కెలు పెడుతోంది.

ఒకటి: కొవ్వాడలో పునాది వేయకముందే, వాడేసిన ఇంధనం అక్కడ ఎన్నేళ్ళు ఉంటుంది, ఆ తర్వాత ఎక్కడికి పోతుంది, పునఃశుద్ధి ఎక్కడ, వ్యర్థం ఎక్కడ అన్న పూర్తి ప్రణాళికను తెలుగులో ప్రచురించాలి.

రెండు: నేల దారి, సముద్ర దారి రెండింటినీ పోల్చి అధ్యయనం చేయించాలి. స్వీడన్‌లో అణు కేంద్రాలన్నీ తీరం మీదే ఉన్నాయి. వాడేసిన ఇంధనాన్ని దశాబ్దాలుగా ఓడలోనే తరలిస్తున్నారు. కొవ్వాడా, కల్పాక్కమూ తీరం మీదే ఉన్నాయి. అయితే మన భారం మత్స్యకారుల నెత్తికి మార్చడం కూడా న్యాయం కాదు కనుక వారినీ అడగాలి.

మూడు: రైలు, రహదారి మార్గాల పక్కనున్న ప్రతి మండలంలో అత్యవసర ప్రణాళిక ఉండాలి. అది గ్రామసభలో చదివి వినిపించాలి.

నాలుగు: రవాణాకు 100 కోట్ల పరిమితిని ఎత్తివేయాలి. ధర పడిపోయిన నష్టాన్ని పరిహారంలో పేరుపెట్టి చేర్చాలి. పంట వేసినవారికే, కౌలు రైతైనా సరే, పరిహారం అందాలి. పరికరం ఇచ్చిన కంపెనీని బాధ్యుణ్ణి చేసే నిబంధనను తిరిగి తేవాలి.

అయిదు: మన నేల, నీరు, పాలు, ధాన్యం, మిర్చిలో సహజంగా రేడియోధార్మికత ఎంత ఉందో ఇప్పుడే కొలిపించి రికార్డు చేయాలి. లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని, స్వతంత్ర ప్రయోగశాలలను ఇందులో భాగస్వాములను చేయాలి. ఈ రోజు లెక్క చేతిలో లేకపోతే రేపు నష్టం నిరూపించే దారి రైతుకు ఉండదు.

గ్రామ శాఖలు ఈ నెలలోనే సమావేశమై ఈ అయిదు కోర్కెలను చర్చించాలి. రైలు పట్టా పక్కన, రహదారి పక్కన ఉన్న ఊళ్ళు గ్రామసభ తీర్మానం చేసి కలెక్టరుకు, పార్లమెంటు సభ్యుడికి పంపాలి. కొవ్వాడ రైతులతో, మత్స్యకారులతో మాట్లాడే బాధ్యతను జిల్లా కమిటీ తీసుకుంటుంది. ఆచార్య ఎన్.జి. రంగా పుట్టిన నిడుబ్రోలు మనది. దేశమంటే ఏమిటో, చట్టమంటే ఏమిటో రైతు చదువుకోవాలని రైతాంగ విద్యాలయం పెట్టిన గడ్డ ఇది. రియాక్టరు రావడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది, ఇప్పుడెందుకు తొందర అనుకోవద్దు. చట్టం కింద నియమాలు రాసేది ఇప్పుడే. ఒప్పందాల మీద సంతకాలు పెట్టేది ఇప్పుడే. రైలు మన స్టేషన్ దాటాక అడిగితే జవాబు చెప్పేవాడు ఉండడు.